తొమ్మిదో రోజున విప్పిన కర్రలు

చేతిలో తాపీ ఉంటే తాను మాట్లాడడనీ, బైబిలు ఉంటే ఎదుటివాళ్ళను మాట్లాడనివ్వడనీ మేస్త్రీ గురించి అతని భార్య అంటూ ఉండేది. మొదటిది నిజం. రెండోదాంట్లో భార్యల మాటలకు సహజమైన అతిశయోక్తి కొంత ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు గోడలు కట్టి, మోకాళ్ళు మొరాయించాక పెద్ద పనులు వదులుకున్న మనిషి అతను. వారంలో ఆరు రోజులు చిన్నాచితకా మరమ్మతులు. ఏడో రోజు మందిరంలో పిల్లలకు పాఠం. బోధకుడిగా గొప్పవాడేమీ కాదు. అయితే ఏ వాక్యాన్నయినా ఇటుకలాగా చేతిలోకి తీసుకుని, నాలుగు వైపులా తిప్పి, తట్టి చూసి గానీ పక్కవాళ్ళకు అందించడు. అందువల్ల పాఠం నత్తనడక నడిచేది. పిల్లలు ఒకసారి నేర్చుకున్నది మాత్రం మళ్ళీ కదిలేది కాదు.

మందిరమంటే పొడవాటి హాలు. ముందు వేదిక, వెనక, గోడకూ గోడకూ మధ్య వేసిన స్లాబు మీద ఒక మేడ. దాని అంచున ఇనుప కమ్ముల అడ్డు, ఆ అడ్డు వెనక చాప మీద పదకొండుమంది పిల్లలు. స్లాబు కింద చివరి నాలుగు వరుసల బల్లలు. ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ, ఆలస్యంగా వచ్చి ఎవరి కంటా పడకూడదనుకునేవాళ్ళూ అక్కడ కూర్చునేవారు. ఆ మేడను కట్టింది మేస్త్రీయే. పన్నెండేళ్ళ కిందట, కూలి తీసుకోకుండా, తన పిల్లల తరగతి కోసమని కట్టాడు.

మూడు వారాల కిందట స్లాబు అడుగున, నట్టనడుమ, వెంట్రుక మందాన బీట ఒకటి అతని కంట పడింది. బీటలు రెండు రకాలు. కదలనిది ముసలి మొహం మీది ముడత లాంటిది, దానితో బతికెయ్యవచ్చు. కదిలేది వేరు. ఏది ఏదో తేల్చుకోవడానికి మేస్త్రీలకు పాతకాలపు పద్ధతి ఒకటుంది. బీటకు అడ్డంగా సన్నని గాజుబద్ద పెట్టి, రెండు చివరలనూ సిమెంటుతో అతికిస్తారు. బీట నిద్రలో ఉంటే గాజు అలాగే ఉంటుంది. మేలుకుంటే విరుగుతుంది. మేస్త్రీ ఎవరికీ చెప్పకుండా, బల్ల మీద బల్ల వేసుకుని ఎక్కి, బూజు దులుపుతున్నట్లు నటిస్తూ గాజు అతికించాడు. అప్పటి నుంచి ప్రార్థనలో అందరూ తల వంచుకున్నప్పుడు అతను తలెత్తి పైకి చూసేవాడు.

ఆ ఆదివారం పాఠం అన్నిటికన్నా పెద్ద ఆజ్ఞ గురించి.

"దేవుణ్ణి ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

"ప్రేమింపవలెను!" అన్నారు పదకొండుమందీ ఒక్క గొంతుతో.

"దేంతో?"

"పూర్ణహృదయంతో, పూర్ణాత్మతో, పూర్ణవివేకంతో, పూర్ణబలంతో!"

"పూర్ణం అంటే?"

"ఫుల్లుగా అని," అన్నాడు ఒకడు. "మా బాబాయి శనివారం సాయంత్రం ఉంటాడే, అలాగ."

నవ్వులు తగ్గేదాకా మేస్త్రీ ఆగాడు. "మీ బాబాయి సంగతి మీ పిన్ని చూసుకుంటుంది. పూర్ణం అంటే ఎక్కడా డొల్ల లేనిది. గోడను వేలితో తట్టి చూడండి. నిండుగా ఉంటే గట్టిగా బదులిస్తుంది. లోపల ఖాళీ ఉంటే బోలుగా మూలుగుతుంది. పైన సున్నం ఎంత తెల్లగా ఉన్నా సరే."

ముందు వరుసలో చెయ్యి లేచింది. సంఘపెద్ద మనవరాలు. ప్రతిదానికీ వాదన లేవదీస్తుందని అందరూ ఆ పిల్లను బుల్లి వకీలు అనేవారు.

"మేస్త్రీ తాతయ్యా, నాకో అనుమానం."

"నీకు అనుమానం రాని రోజు చెప్పు, ఆ రోజు అందరికీ సెలవిస్తాను."

"మొన్న బడిలో ఉపమాలంకారం చెప్పారు. 'వలె' అంటే లాగా అని. ఆమె ముఖం చంద్రుని వలె ఉంది అంటే చంద్రుడని కాదు, చంద్రుడిలాగా అని. మరి ప్రేమింపవలెను అంటే ప్రేమించమని కాదుగా? ప్రేమించినట్టు ఉండమని కదా?"

మేస్త్రీకి నవ్వు రావలసింది. రాలేదు.

"ఆ వలె వేరు, ఈ వలెను వేరమ్మా. ఇది పాత మాట. ప్రేమించాలి, చేసి తీరాలి అని దీని అర్థం."

"మరి రెండూ ఒకేలా ఉంటే చూసేవాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది?"

"చూసేవాళ్ళకి తెలియదు," అన్నాడు మేస్త్రీ.

అలా అనాలని అనుకోలేదు. నోటి నుంచి మాట జారి, చాప మీద పిల్లల మధ్య పడి, అక్కడే ఉండిపోయింది. మేస్త్రీ ఇంకేమైనా చెబుతాడేమోనని చూసి, బుల్లి వకీలు గెలిచానో ఓడానో తేలక కూర్చుంది.

ప్రేమను ఆజ్ఞాపించవచ్చా అని జ్ఞానులు చాలాకాలం తర్కించారు. వాళ్ళు తర్కించని చిక్కు ఒకటి ఉంది. ఆజ్ఞకు భయపడి కదిలిన చెయ్యీ, మెప్పు కోసం కదిలిన చెయ్యీ, ప్రేమతో కదిలిన చెయ్యీ ఒకే గోడను కడతాయి. గోడ నిలిచినంత కాలం ఏ చెయ్యి కట్టిందో ఎవరూ అడగరు. గోడే ఒకనాడు చెప్పాలి.

ఆరాధన ముగింపులో సంఘపెద్ద లేచి ప్రకటన చేశాడు. ఆయన బట్టల కొట్టు యజమాని. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. వచ్చే ఆదివారం కొత్త పాస్టరు గారు వచ్చి సంఘాన్ని చూసుకుని, నచ్చితే ఉండిపోతారు. చుట్టుపక్కల సంఘాల వాళ్ళను కూడా పిలిచారు.

"కింద చాలకపోతే పైన వందమందిని కూర్చోబెడదాం. పిల్లల పాట కూడా పైనుంచే. ఏం భయం లేదు, అది మన మేస్త్రీ చేతిపని. ఏనుగులెక్కినా చెక్కుచెదరదు!"

అందరూ వెనక్కి తిరిగి నవ్వుతూ చూశారు. మేస్త్రీ తల దించుకున్నాడు. వినయం అనుకున్నారు.

మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యాక మళ్ళీ బల్ల మీద బల్ల వేసి ఎక్కాడు. గాజు రెండు ముక్కలై ఉంది. ముక్కల మధ్య గోరు దూరేంత సందు. పక్కనే గిలాబాను, ఆ సిమెంటు పైపూతను, వేలి కణుపుతో తట్టాడు. బోలుగా పలికింది. ఒక జానెడు అవతల తట్టాడు. అక్కడా అంతే. గోడ వరకూ తట్టుకుంటూ పోయి, చివరికి చెయ్యి దించేశాడు. పదకొండుమంది పిల్లల బరువుకే ఇది.

పన్నెండేళ్ళ కింద ఆ స్లాబు వేసినప్పుడు అడుగున నిలబెట్టిన సెంట్రింగ్ కర్రలు ఇరవై ఒక్క రోజులు ఉండాలి. కాంక్రీటు తన బరువు తాను మోయడం నేర్చుకునే గడువు అది. ప్రతిష్ఠ ఆరాధన మాత్రం పదో రోజుకు నిర్ణయమైపోయింది. కర్రల అడవిలో కూర్చుని పాటలు పాడమంటావా అన్నాడు సంఘపెద్ద. దేవుడి ఇల్లు, దేవుడే నిలబెట్టుకుంటాడు అన్నాడు. కుదరదని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ప్రతిష్ఠ రోజున వేదిక మీద తన కష్టం గురించి నాలుగు మంచి మాటలు చెబుతారని అతనికి తెలుసు. తొమ్మిదో రోజున కర్రలు విప్పించాడు. చివరి కర్ర తియ్యగానే స్లాబు నడుమ వేలెడు దిగింది. చప్పుడు కూడా చెయ్యలేదు. ఆ రోజంతా ఒక్కడే కూర్చుని, దిగినచోట పలచగా, పక్కల మందంగా గిలాబా చేసి, రసమట్టం పెట్టినా తేడా తెలియకుండా సమం చేశాడు. పదో రోజున నాలుగు కాదు, పది మంచి మాటలు చెప్పారు.

మంగళవారం బట్టల కొట్టుకు వెళ్ళాడు. సంఘపెద్ద తెల్లగుడ్డ తాను విప్పి గజం కర్రతో కొలుస్తున్నాడు.

"పెద్దయ్యగారూ, మేడ అడుగున బీట కదులుతోంది. ఆదివారం పైకి ఎవర్నీ ఎక్కించకండి."

"బీటలు లేని ఇల్లు ఎక్కడుందోయ్? మా ఇంట్లో నా పెళ్ళి నాటి బీట ఉంది. అదీ కాపురం చేస్తోంది, నేనూ చేస్తున్నాను."

"పోనీ, అడుగున ఆసరాకి కర్రలు పోటు పెడతాను. ఒక్క రోజు పని."

"కొత్త పాస్టరు గారు లోపలికి అడుగు పెట్టగానే కర్రలు కనబడాలా? కూలిపోయే సంఘం అనుకుని అటునుంచటే పోతాడు." సంఘపెద్ద గుడ్డ వదిలేసి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గింది. "రెండేళ్ళయింది మేస్త్రీ, మనకి కాపరి లేక. పదమూడు కుటుంబాలు వేరే చోటికి వెళ్ళిపోయాయి. చనిపోయినవాళ్ళకి ప్రార్థన చెయ్యడానికి నేను నిలబడుతున్నాను. నాకు మాటలు రావు, నీకు తెలుసు. ఆ పైమేడ నిండుగా కనబడితే ఆయన ఉంటాడు. నీ భారం ప్రభువు మీద వెయ్యి."

"ప్రభువు మీద వెయ్యొచ్చు. స్లాబు మీద వెయ్యకూడదు."

సంఘపెద్ద ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "విశ్వాసం తగ్గిందా నీకు?" అన్నాడు.

అలాంటి ప్రశ్నలు జవాబు కోసం పుట్టవు, తలుపు మూయడానికి పుడతాయి. మేస్త్రీ వెనుదిరిగాడు.

ఇంటి దగ్గర భార్య బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"చెప్పారా?"

"బీట సంగతి చెప్పాను."

"బీట సంగతి కాదండీ." చాటలోంచి తలెత్తలేదు. "ఆ రోజు ప్రతిష్ఠ నుంచి వచ్చి మీరు అన్నం తినలేదు. అంత పొగిడించుకుని వచ్చిన మనిషి పస్తు ఎందుకు పడుకున్నాడా అని పన్నెండేళ్ళుగా చూస్తున్నాను. ఏదో కప్పెట్టారని తెలుసు. ఏమిటో అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"అడిగితే చెప్పేవాళ్ళే. చెప్పాక పిల్లలకి పాఠం చెప్పడం మానేసేవాళ్ళు. మీకు అదొక్కటే సంతోషం." ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "ఇప్పుడు చెప్పండి. నాకు కాదు, వాళ్ళకి."

శనివారం సాయంత్రం ప్రార్థన కూడికలో, సాక్ష్యం చెప్పేవాళ్ళు, అంటే తమ పాపమూ దేవుడి దయా పదిమందిలో చెప్పుకునేవాళ్ళు, లేవవచ్చు అనగానే మేస్త్రీ లేచాడు. నలభై మంది ఉన్నారు.

"పన్నెండేళ్ళుగా నేనొక తప్పు దాచాను."

"స్తోత్రం," అన్నారు ఒకరిద్దరు, మెల్లిగా, ప్రోత్సాహంగా.

"ఈ కట్టడానికి ఇరవై ఒక్క రోజులు ఆసరా ఉండాలి. నేను తొమ్మిదో రోజునే తీసేశాను."

"స్తోత్రం!"

"లోపల కుంగింది. పైకి తెలియకుండా గిలాబా చేసి కప్పేశాను. మీరందరూ మెచ్చుకున్నారు. లోపలంతా డొల్ల. ఈ రోజుకీ డొల్లే. బరువు పెడితే నిలవదు."

హాలంతా కదిలిపోయింది. పునాది అంటే ఎన్నడూ పునాది కాని చోటు అది. అక్కడ గోడ అంటే గోడ కాదు. ఇల్లు అంటే మనిషి బతుకు, కుంగడం అంటే పాపం. ఎన్నో ఏళ్ళుగా అన్నింటికీ లోపలి అర్థం వినడానికి అలవాటుపడిన చెవులకు అసలు అర్థం ఎక్కలేదు. ముందు వరుసలోని ముసలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నా బతుకూ అంతే నాయనా. పైపైన గిలాబా."

"అమ్మా, నేను చెప్పేది సిమెంటు గిలాబా."

"అవునయ్యా. సిమెంటు కన్నా గట్టిది మన పాపం."

మేస్త్రీ వెనక్కి తిరిగి, చెయ్యెత్తి మేడను చూపించాడు. నలభై మందీ ఆ చేతి వెంబడి చూశారు. పైనున్న దేవుణ్ణి చూపిస్తున్నాడనుకుని కొందరు కళ్ళు మూసుకున్నారు. ఒక్క సంఘపెద్ద కళ్ళు మూయలేదు. తొమ్మిదో రోజు ఏ రోజో ఆయనకు గుర్తుంది. ఆయన గబగబా లేచి, "మన మేస్త్రీ తగ్గింపు మనసును బట్టి ప్రభువుకు వందనాలు," అంటూ ముగింపు ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రార్థన పొడవునా ఆయన గొంతు ఒక మెట్టు పైన పలికింది. బయటికి వెళ్ళేటప్పుడు చాలామంది వచ్చి మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఊపారు. అంత మంచి సాక్ష్యం ఎన్నడూ వినలేదన్నారు.

ఆదివారం తెల్లవారుతూనే సమ్మెట భుజాన వేసుకుని మందిరానికి వెళ్ళాడు. తరగతి ఊడవడానికి తాళం చెవి అతని దగ్గరే ఉండేది. మేడ మెట్లు వెనక గోడను ఆనుకుని ఉన్నాయి. ప్రతిష్ఠ తర్వాత కట్టినవి; నెలరోజులు నీళ్ళు తాగి నింపాదిగా ముదిరినవి. వాటికి ఎవరి తొందరా సోకలేదు. అతని చేతుల మీదుగా అంత నిజాయితీగా వచ్చిన పని మరొకటి లేదేమో. మొదటి దెబ్బకు సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. మోకాళ్ళలో మంట పాకింది. రెండో మెట్టు దగ్గర చొక్కా విప్పి పక్కన పడేశాడు. ప్రతి దెబ్బకూ హాలు మొత్తం అదురుతోంది. దెబ్బ దెబ్బకూ ఆగి, పైకి చూసి, స్లాబు ఏమీ అనకపోతే మళ్ళీ ఎత్తాడు.

ఏడు గంటలకు సంఘపెద్ద వచ్చేసరికి కింది నాలుగు మెట్లు లేవు. వంగిన చువ్వలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఆయన వెంట బుల్లి వకీలు, కొత్త గౌనులో. తలుపు దగ్గర ఇంకో పదిమంది.

"ఏమిటిది?"

"మెట్లు విరగ్గొట్టాను."

"అది కనబడుతూనే ఉంది. మతి పోయిందా నీకు?"

"నిన్న నేను చెప్పింది సాక్ష్యం కాదు పెద్దయ్యగారూ. మరమ్మతు సంగతి. మీకు తెలుసు."

సంఘపెద్ద మొహం నల్లబడింది. "ఇవాళ్టి నుంచి పిల్లలకి నువ్వు పాఠం చెప్పక్కర్లేదు."

"చెప్పను."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆయన అనుకోలేదు. తలుపు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. దయ్యం పట్టిందన్నారు ఒకరు. నిన్నటి దాకా బాగానే ఉన్నాడే అన్నారు ఇంకొకరు. రంగుల దుకాణంలో పొడుగు నిచ్చెన ఉందని మూడో ఆయనకు గుర్తొచ్చింది. ఇద్దరు పరిగెత్తి తెచ్చారు. నిచ్చెన తల మేడ అంచుకు ఆనగానే, స్లాబు అడుగు నుంచి బూడిదరంగు పొడి సన్నగా, ఎడతెగకుండా, ఒక దారంలా జారింది.

"బూజు," అన్నాడు నిచ్చెన మోసినవాడు.

సంఘపెద్ద పొడి వైపు చూడకుండా మనవరాలి వైపు తిరిగాడు.

"నువ్వు తేలిక. నువ్వు ముందెక్కి చూపించమ్మా. అందరి భయమూ పోతుంది."

ఆ పిల్ల మేస్త్రీ వైపు చూసింది. మేస్త్రీ ఒక అడుగు ముందుకు వేశాడు. నిచ్చెన తెచ్చిన ఇద్దరూ అతని భుజాలు పట్టుకున్నారు. పిల్ల ఒక మెట్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడో మెట్టు మీద పాదం పెట్టబోయి ఆగింది.

"తాతయ్యా, చెయ్యి వదులు."

"వదులుతున్నానమ్మా," అన్నాడు సంఘపెద్ద.

వదల్లేదు. ఆయన పిడికిలి ఆ పిల్ల మణికట్టు చుట్టూ బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఆయనే వింతగా చూస్తున్నాడు, మరెవరి చెయ్యో అన్నట్టు. నోరు ఏదో అనబోయింది. చెయ్యి వినలేదు.

"తాతయ్యా, నొప్పి."

"దిగు," అన్నాడాయన. పిల్ల దిగింది. ఆయన ఎవరి మొహమూ చూడకుండా, నేల వైపు చూస్తూ, "బల్లలు బయట వెయ్యండి," అన్నాడు. "ఆవరణలో కూర్చుందాం. గాలి బాగుంది."

గాలేమీ లేదు. అతిథుల వ్యాను వీధి మలుపు తిరిగిన చప్పుడు వినబడుతుంటే, మనుషులు లోపలికి వచ్చి బల్లలు ఎత్తడం మొదలుపెట్టారు. అంతా మేడ కింది నుంచే వెళ్ళాలి. వేరే తలుపు లేదు. మేస్త్రీ భుజాలు వదిలేశారు. అతను సమ్మెటను కింద పెట్టి, బీట కిందికి వచ్చి నిలబడి, "గోడవారగా నడవండి. ఒకరి వెనక ఒకరు. తొయ్యకండి," అని చెబుతూ ఉన్నాడు. పొడి అతని నెత్తిన పడుతోంది. దులుపుకోలేదు. చివరి బల్ల బయటికి వెళ్ళాక కూడా లోపల ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి పిలిచి, జవాబు రాదని రూఢి చేసుకున్నాక, తలుపు వైపు నడిచాడు.